తాళం వేసిన ఇళ్ళు: నెల్లూరులో ఒక మార్కెట్ సర్వే, నా అనుభవం

2022 సెప్టెంబరు 19 నుంచి పది రోజుల పాటు నేను నెల్లూరులో ఇడ్లీ పిండి గురించి ఇంటింటా అడిగించాను. రుబ్బి పులియబెట్టిన పిండిని ప్యాకెట్లలో అమ్మే ఒక కంపెనీ నెల్లూరు, ఒంగోలు పట్టణాలకు వచ్చే ముందు, అసలు ఇక్కడ ఎన్ని ఇళ్ళవాళ్ళు పిండి కొంటున్నారో తెలుసుకోదలచి, ఆ పనిని హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థకు అప్పగించింది. నెల్లూరులో 250, ఒంగోలులో 150, మొత్తం 400 ఇళ్ళు చేయాలన్నది ఒప్పందం. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినందువల్ల, అంతకుముందు రెండు మూడు సర్వేలలో ట్యాబ్ పట్టుకుని వీధులు తిరిగి ఉన్నందువల్ల, నన్ను నెల్లూరు జట్టుకు సూపర్‌వైజర్‌గా పెట్టారు. నా కింద అయిదుగురు ఇన్వెస్టిగేటర్లు: అప్పుడే డిగ్రీ ముగించిన ముగ్గురు ఆడపిల్లలు, కావలి నుంచి రోజూ రైలులో వచ్చిపోయే ఒక అబ్బాయి, పూర్వం చీటీలు నడిపిన ఒక పెద్దావిడ.

శిక్షణ ఒక్క పూటే జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి, అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా అన్న మాటతోనే మొదలుపెట్టారు. ఊరు ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదని, ఎన్ని ఇళ్ళు అడిగామన్నదే ముఖ్యమని, 400కు వర్గమూలం 20 కాబట్టి ఒకటిని ఇరవైతో భాగిస్తే వచ్చే అయిదు శాతమే మన పొరపాటుకు హద్దని, నూటికి తొంభై అయిదుసార్లు అసలు సంఖ్య ఆ హద్దు లోపలే ఉంటుందని బోర్డు మీద వేసి చూపించారు. లెక్క సరైనదే. అయితే ఆ అయిదు శాతం అన్నది చీట్లు తీసినట్టుగా ఇళ్ళను ఎన్నుకుని, ఎన్నుకున్న ప్రతి ఇంటి తలుపూ తెరుచుకుని, తెరిచినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పినప్పుడు, కేవలం చీటీల అదృష్టం వల్ల మిగిలే తేడా మాత్రమేనని, మిగతా తప్పులు వేటినీ అది లెక్కలోకి తీసుకోదని బోర్డు మీద ఎక్కడా రాయలేదు. నేను కూడా ఆ రోజు అడగలేదు.

ఇళ్ళను ఎన్నుకోవడంతోనే చిక్కు మొదలయింది. పట్టణంలోని ఇళ్ళన్నిటి జాబితా మా దగ్గర లేదు. 2011 తర్వాత అప్పటికి జనాభా లెక్కలు జరగలేదు కాబట్టి వేదాయపాళెం అవతల కొత్తగా లేచిన కాలనీలు ఆ లెక్కల్లో కనిపించలేదు. అందువల్ల మన దేశంలో ఇలాంటి సర్వేలన్నీ ఎక్కువగా ఓటర్ల జాబితాను పట్టుకుంటాయి. అందులోంచి ఒక చిరునామా తీసుకుని, అక్కడ నిలబడి, కుడిచేతి వైపే తిరుగుతూ, ఇన్నేసి ఇళ్ళు వదిలి ఒక ఇల్లు చేసుకుంటూ పోవాలి. మాకు చెప్పింది నాలుగు ఇళ్ళు వదిలి అయిదవది. మూలాపేటలో, రంగనాయకులపేటలో గోడకు గోడ ఆనుకుని ఉన్న పాత ఇళ్ళ వరుసలలో ఇది చక్కగా నడిచింది. మాగుంట లేఅవుట్‌లోని అపార్టుమెంట్లలో మొదటి రోజే ఆగిపోయింది, ఎందుకంటే అక్కడ కుడిచేతి సూత్రం కన్నా వాచ్‌మన్ మాట బలమైనది. ఒక అపార్టుమెంటులో సంఘం కార్యదర్శి అనుమతి కావాలన్నారు, ఆయన చెన్నైలో ఉన్నారు. మా పిల్లలు ఆ పక్క సందులోని విడి ఇళ్ళు చేసుకుని వచ్చారు. ఫారంలో వార్డు పేరు మారలేదు, ఇళ్ళ రకం మారిపోయింది.

ఇంట్లో ఎవరిని అడగాలన్నదానికి కూడా ఒక పద్ధతి ఉంది. తలుపు తీసినవాళ్ళనే అడిగితే పగటిపూట ఇంట్లో ఉండేవాళ్ళే శాంపిల్ అంతా నిండిపోతారు గనుక, లెస్లీ కిష్ అనే గణాంకవేత్త 1949లో ఒక పట్టికను ప్రతిపాదించారు: ఇంట్లో అర్హులందరినీ వరుసగా రాసుకుని, పట్టిక చూపిన వ్యక్తినే అడగాలి, ఆ వ్యక్తి లేకపోతే మళ్ళీ రావాలి. మా ట్యాబ్‌లో ఆ పట్టిక ఉంది. “వంట నిర్ణయాలు తీసుకునే వ్యక్తి ఎవరైనా సరే” అన్న వెసులుబాటు కూడా దాని పక్కనే ఉంది. ఫారానికి 80 రూపాయలు ఇచ్చే పనిలో ఆ వెసులుబాటును ఎవరు వదులుకుంటారు?

మొదటి ప్రశ్నలు ఇంటి స్థితిగతుల గురించి. 2011 నుంచి మార్కెట్ పరిశోధనవాళ్ళు మన దేశంలో ఇళ్ళను వర్గాలుగా విడదీయడానికి రెండే విషయాలు చూస్తూ వచ్చారు: ఇంటికి ప్రధానంగా సంపాదించే మనిషి చదువు, పదకొండు వస్తువులలో ఆ ఇంట్లో ఎన్ని ఉన్నాయన్నది. కరెంటు, ఫ్యాను, గ్యాస్ స్టవ్వు, టూవీలరు, కలర్ టీవీ, ఫ్రిజ్జు, వాషింగ్ మెషిను, కంప్యూటరు, కారు, ఏసీ, సాగుభూమి, ఇవీ ఆ పదకొండు. ఆదాయం అడిగితే ఎవరూ నిజం చెప్పరు, వస్తువులైతే దాచడం కష్టం అన్న ఆలోచన దాని వెనుక ఉంది. మన రాష్ట్రంలో ఆ ఆలోచన తలకిందులవుతుంది. కారు ఉన్నవాళ్ళకు, నెలకు 300 యూనిట్లు దాటి కరెంటు వాడేవాళ్ళకు, ఇంత హద్దుకు మించి భూమి ఉన్నవాళ్ళకు బియ్యం కార్డు రాదని ప్రతి ఇంటికీ తెలుసు. ట్యాబ్ పట్టుకుని వచ్చి “మీకు కారుందా, ఏసీ ఉందా, పొలముందా” అని వరుసగా అడిగే అమ్మాయి వాళ్ళ కంటికి ఎవరిలా కనిపిస్తుంది? స్టోన్‌హౌస్‌పేటలో ఒక పెద్దావిడ తన వెనుకే గోడవారన కనిపిస్తున్న ఫ్రిజ్జును చెయ్యెత్తి చూపిస్తూ, “దాని సంగతి రాసుకోబాకమ్మా, కార్డు తీసేస్తారంట” అన్నారు. మేం కంపెనీ వాళ్ళమని, ప్రభుత్వంతో సంబంధం లేదని చెప్పాక “అట్టయితే రాసుకో” అన్నారు. అంతగా నమ్మనివారు ఎందరో లోపల దాచుకునే ఉంటారు. ఆ విధంగా పై వర్గంలో ఉండవలసిన ఇళ్ళు కొన్ని కింది వర్గంలోకి జారిపోయాయని నాకు నిశ్చయంగా తెలుసు, ఎన్ని అన్నది మాత్రం చెప్పలేను.

ఇక అసలు ప్రశ్న. హైదరాబాదులో ఇంగ్లీషులో తయారై తెలుగులోకి వచ్చిన ఆ ప్రశ్న ఇలా ఉంది: “గత నెల రోజులలో మీరు అల్పాహారం కొరకు ప్యాకెట్ పిండిని కొనుగోలు చేశారా?” అల్పాహారం అన్న మాట మా వైపు పెళ్ళి పత్రికలలో తప్ప ఎవరూ వాడరు, టిఫిను అంటారు, పైగా టిఫిను పొద్దుటిదే కానక్కరలేదు. శనివారం ఒంటిపొద్దు ఉండే ఇళ్ళలో రాత్రికి దోసెలో ఇడ్లీయో పోస్తారు, కాబట్టి ఆదివారం నాడు “నిన్న” అని అడిగిన ప్రశ్నకూ, బుధవారం నాడు అడిగినదానికీ జవాబు ఒకేలా ఉండదు. “గత నెల రోజులు” అన్నది ఇంకా జారుడు మాట. ఎప్పుడో ఆషాఢంలో జరిగినదాన్ని కూడా మనసు మొన్న మొన్నటిదిగా దగ్గరకు లాక్కుంటుంది. ఆ ఏడు వినాయక చవితి సరిగ్గా ఆగస్టు 31న వచ్చింది. “చవితి ముందా, తర్వాతా” అని అడగమని మా పిల్లలకు రెండవ రోజునే చెప్పాను. పండుగ నాటి వంట ఎవరికైనా గుర్తుంటుంది, దానికి ఇటు జరిగినదా అటు జరిగినదా అన్నది తేల్చుకోవడం సులభం. మొత్తం సర్వేలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదొక్కటే అనుకుంటాను.

ఆ వాక్యంలో నన్ను నిజంగా దెబ్బతీసింది “ప్యాకెట్” అన్న మాట. నాలుగవ రోజున మూలాపేటలో ఒక ఇంటి దగ్గర నేనే స్వయంగా కూర్చున్నాను. ప్యాకెట్ పిండి కొన్నారా అంటే లేదన్నారు. రాసుకున్నాను. లేచి వస్తుండగా వాళ్ళ అబ్బాయి ఒక స్టీలు గిన్నె నిండా పిండి పట్టుకుని వీధిలోంచి లోపలికి వచ్చాడు. నేను ఆ గిన్నె వైపు చూడడం గమనించి ఇల్లాలు, “ఇది ప్యాకెట్టు కాదు గదమ్మా, గిన్నె తీసుకుబొయ్యి మూలింటక్క దగ్గర తెచ్చుకునేది” అని నవ్వారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, మేము అడిగినదానికి సరైన జవాబే చెప్పారు. వీధికొక ఇంట్లో పెద్ద గ్రైండరు పెట్టుకుని, సాయంత్రానికి రుబ్బి, గిన్నెలు తెచ్చుకున్నవాళ్ళకు కిలోల లెక్కన కొలిచి పోసే ఆడవాళ్ళు పాత పేటలలో ఎంతమంది ఉన్నారో ప్రశ్న రాసినవారికి తెలియదు. కంపెనీకి అసలు పోటీదారు ఆ మూలింటక్క; ప్రశ్నావళిలో ఆమె లేనే లేదు. ప్రధాన సర్వేకు ముందు ఒక ఇరవై ఇళ్ళలో ప్రశ్నలను పరీక్షించి చూసి ఉంటే ఇది మొదటి రోజునే బయటపడేది. పంటల సర్వేలకు ముందు చిన్నపాటి పైలట్ సర్వే చేయాలని 1930లలోనే బెంగాల్ జనపనార పొలాల దగ్గర పట్టుబట్టిన గణాంకవేత్త మహలనోబిస్ పుట్టిన దేశంలో, దసరా లోపు నివేదిక కావాలన్న తొందరలో మా పైలట్‌ను ఎత్తివేశారు. నేను ఫోన్ చేసి గిన్నె సంగతి చెప్పినప్పుడు, మధ్యలో ప్రశ్న మారిస్తే ముందు ఫారాలతో పోల్చడం కుదరదన్నారు. ఆ మాటా నిజమే. ప్రశ్న మార్చకుండా, అడుగున “ఇతర వివరాలు” అన్న గడిలో గిన్నె పిండి అని రాయమని మాత్రం చెప్పుకున్నాం.

ఇంకొక అడ్డంకి అత్తగార్లు. ఇది హాస్యానికి చెప్పడం లేదు. పిండి కొనుక్కోవడమంటే ఇల్లాలి బద్ధకమన్న అభిప్రాయం మా వైపు ఇంకా పోలేదు. వరండాలో అత్తగారు కూర్చుని ఉండగా గేటు దగ్గర నిలబడి అడిగితే, “రుబ్బుకోక బయట తెచ్చుకునే ఖర్మేందమ్మా మాకు” అన్న జవాబు అత్తగారి నుంచి వస్తుంది, లోపలున్న కోడలు మాట్లాడదు. ఈ తేడా ఎంత పెద్దదో నాకు అనుకోకుండా తెలిసింది. మూలాపేటలో ఒక వీధికి చీటీల పెద్దావిడను పంపాను. రెండు రోజుల తర్వాత పొరపాటున అదే వీధి చుట్టుపక్కలకు ఒక డిగ్రీ అమ్మాయిని కూడా పంపాను. పెద్దావిడ 25 ఇళ్ళలో 9 ఇళ్ళవాళ్ళు కొంటున్నారని రాసుకొచ్చారు, అమ్మాయి 25 ఇళ్ళలో 3 అని రాసుకొచ్చింది. ఇద్దరిలో ఎవరిదీ దొంగ ఫారం కాదు. పెద్దావిడ చొరవగా వంటింటి గుమ్మం దాకా వెళ్ళి మంచినీళ్ళు అడిగి తాగి, కోడలితోనే మాట్లాడుతుంది. అమ్మాయి మర్యాదగా గేటు దగ్గరే నిలబడుతుంది. ఒకే ప్రాంతాన్ని రెండు జట్లకు విడివిడిగా ఇచ్చి, రెండు ఫలితాలకూ మధ్య తేడాను బట్టి అడిగేవాళ్ళ వల్ల వచ్చే పొరపాటును కొలవాలన్నది కూడా మహలనోబిస్ పద్ధతే. డిగ్రీలో నాలుగు మార్కుల ప్రశ్నగా చదివి మరిచిపోయిన దానిని నేను వీధి పేరు తప్పు రాసుకోవడం వల్ల చేశాను.

దొంగ ఫారాలు కూడా వచ్చాయి. కావలి అబ్బాయి ఒక మధ్యాహ్నం రెండు గంటలలో ఏడు ఫారాలు పంపాడు. ట్యాబ్ నమోదు చేసిన స్థలం ఏడింటికీ ఒకటే, బాలాజీనగర్‌లో ఒక టీ కొట్టు ముందు. రుచి, ధర, శుభ్రత, అన్నిటికీ అయిదుకు నాలుగు మార్కులు. పదింటికి ఒకటి చొప్పున నేను తిరిగి ఫోన్ చేసి సరిచూస్తానని వాడికి తెలుసు, అయినా ఆ రోజు రైలు ఆలస్యంగా రావడం వల్ల పని వెనకబడిందని, ఏడు ఫారాలంటే 560 రూపాయలని చెప్పాడు. ఆ ఏడింటినీ కొట్టివేసి, వాడిచేతనే ఆ ఇళ్ళు మళ్ళీ చేయించాను. ఫారం లెక్కన కూలి ఇచ్చేవారు వాడికన్నా పెద్ద బాధ్యులని నా అభిప్రాయం, ఎందుకంటే తలుపు తట్టి తాళం చూసి తిరిగివచ్చిన శ్రమకు ఆ లెక్కలో ఒక్క పైసా లేదు.

ఆ తాళాల దగ్గరే ఈ సర్వే అంతా నిలిచి ఉందని నాకు పదవ రోజు రాత్రి అర్థమయింది. 250 ఇళ్ళు పూర్తి చేయడానికి మా జట్టు 431 తలుపులు తట్టింది. 63 ఇళ్ళవాళ్ళు మాట్లాడబోమన్నారు, 118 ఇళ్ళకు తాళం. సూత్రం ప్రకారం తాళం ఉన్న ఇంటికి ఇంకా రెండుసార్లు వెళ్ళాలి. ఆచరణలో పక్కింటికి వెళ్ళారు. మేము తిరిగింది పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా. ఆ వేళలో తాళం వేసి ఉన్నది ఏ ఇళ్ళు? భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళేవి, బడి టీచర్లవి, ఆస్పత్రులలో నర్సులవి, బట్టల కొట్లలో పనిచేసే ఆడవాళ్ళవి. పప్పు నానబెట్టి రుబ్బే తీరిక ఎవరికి తక్కువో వాళ్ళు. అంటే పిండి కొనేవాళ్ళు ఎక్కువగా ఉండే ఇళ్ళనే మేము వరుసగా వదిలివేసి, తీరికగా ఇంట్లో ఉండేవాళ్ళను పిండి కొంటారా అని అడిగివచ్చాం.

శిక్షణలో మాకు 1936 అమెరికా ఎన్నికల కథ చెప్పారు. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్టర్ల లాంటి వాటి నుంచి పేర్లు తీసుకుని దాదాపు కోటి మందికి కార్డులు పంపి, రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాలలో 46 గెలిచాడు. అంతకన్నా ఎన్నో రెట్లు చిన్న శాంపిల్‌తో గాలప్ అనే సర్వే నిపుణుడు విజేతను సరిగ్గా చెప్పాడు. పేదవారికి ఫోన్లు, కార్లు లేకపోవడం ఆ పత్రిక తప్పుకు కారణమని మాకు చెప్పారు. అది సగం కథ. పంపిన కోటిలో తిరిగి వచ్చినవి నాలుగవ వంతు కన్నా తక్కువ. జవాబు పంపినవారూ పంపనివారూ ఒక తీరుగా ఓటు వేసేవారు కాకపోవడం మిగతా సగం. మా జాబితా ఓటర్ల జాబితా, అందులో పేదా ధనికా అందరూ ఉన్నారు. మా తప్పు ఈ రెండవ సగంలో ఉంది.

నేను మా ప్రాజెక్టు మేనేజరుతో చాలాసేపు వాదించి నాలుగు రోజుల గడువు సంపాదించాను. సెప్టెంబరు 29, 30, అక్టోబరు 1 తేదీలలో సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది వరకు, 2వ తేదీ ఆదివారం రోజంతా, తాళం వేసిన 118 ఇళ్ళ నుంచి చీట్లు వేసి తీసిన 60 ఇళ్ళకు నేను, పెద్దావిడ, ఇద్దరు అమ్మాయిలు వెళ్ళాం. 41 ఇళ్ళు దొరికాయి. పోలిక చెడకూడదని ప్రశ్నను ఒక్క అక్షరం కూడా మార్చలేదు. పగటి 250 ఇళ్ళలో పిండి కొన్నామన్నవి 46, అంటే నూటికి పద్దెనిమిది. సాయంత్రం 41 ఇళ్ళలో 19, అంటే నూటికి నలభై ఆరు. తాళం వేసిన 118 ఇళ్ళూ ఈ 41 ఇళ్ళలాగే ఉంటాయనుకుని, పగటి ఇళ్ళతో కలిపి లెక్కగడితే నూటికి ఇరవై ఏడు వస్తుంది. పద్దెనిమిదికీ ఇరవై ఏడుకూ మధ్య తేడా తొమ్మిది. నెల్లూరు 250కి శాంపిల్ వల్ల వచ్చే హద్దు అటూ ఇటూగా ఆరు. హద్దు లోపల ఉండవలసిన సంఖ్య హద్దు దాటి బయటే ఉండిపోయింది. 250కి బదులు 2,500 ఇళ్ళు చేసినా, పగలే చేస్తే, హద్దు రెండుకు తగ్గి తప్పు మాత్రం ఆ తొమ్మిది దగ్గరే ఉండేది. తప్పు మీద నమ్మకం మాత్రం పెరిగేది. మా నలుగురిలో పెద్దావిడ ఉండడం వల్ల సాయంత్రం జవాబులు కొంత పెరిగి ఉండవచ్చునన్న అనుమానం నాకుంది; ఆమె చేసిన ఇళ్ళను తీసివేసి చూసినా సంఖ్య నలభైకి కిందకు దిగలేదు. ఇక అసలు మాట్లాడబోమన్న 63 ఇళ్ళ సంగతి నా లెక్కలో ఎక్కడా లేదు.

ఒంగోలు జట్టు వేరు. లాయర్‌పేట, భాగ్యనగర్, కర్నూలు రోడ్డు వైపు వాళ్ళు చేసిన 150 ఇళ్ళలో తాళాలు ఎన్ని అని నేను ఫోన్‌లో అడిగితే, రాసుకోలేదన్నారు. రాసుకోవాలని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

చివరి ప్రశ్న ధర గురించి. కిలో ప్యాకెట్ 70 రూపాయలకు ఇస్తే కొంటారా అంటే, పగటి ఇళ్ళలో సగానికి పైగా తప్పకుండా కొంటామన్నారు, అందులో పిండి బయట తెచ్చుకోవడం ఖర్మ అన్న అత్తగార్లు కూడా ఉన్నారు. ఎండలో నిలబడి అడిగే పిల్లను నొప్పించడం ఎందుకన్న దయే ఆ జవాబులో ఎక్కువ. డబ్బు తీయవలసిన అవసరం లేని చోట మా ఊళ్ళో ఎవరూ కాదనరు.

అక్టోబరు నెలాఖరులో నివేదిక ప్రతి ఒకటి నాకు చేరింది. రంగుల బొమ్మలతో బాగుంది. సాయంత్రం చేసిన 41 ఇళ్ళు పద్ధతి వేరైనందున కలపలేదని మేనేజరు ముందే చెప్పారు. గిన్నె పిండి వివరాలు రాసిన గడిని విడిగా చదివి విశ్లేషించడానికి బడ్జెట్ లేదు. రెండవ పేజీ అడుగున చిన్న అక్షరాలలో “శాంపిల్ 400, పొరపాటుకు అవకాశం అటూ ఇటూ అయిదు శాతం” అని ఉంది. తట్టిన తలుపులు 431 అని గానీ, తాళాలు 118 అని గానీ ఆ నివేదికలో ఎక్కడా లేదు. ఆ పట్టిక నా నోటుపుస్తకంలో, కరెంటు బిల్లుల మధ్య, ఇంకా ఉంది.